తమ్ముడి కొక్కెం

ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ అద్దం అక్క అంటారు. ఏ ఇనుప ముక్క చేతికిచ్చినా ముఖం కనిపించేదాకా తోమితే గానీ వదలదు. వద్దంటే వినే రకమూ కాదు.

ఆ పొద్దున పరీక్ష డ్రమ్ము తెరిచారు. గాలంతా తోడేసిన ఆ డ్రమ్ములో ఒక కొక్కేన్ని కడ్డీకి తగిలించి, ఎన్నాళ్ళు మన్నుతుందో చూద్దామని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంచారు. అంతరిక్షంలో ఓడ బయట తిరిగేవాళ్ళ నడుము తాడుకు ఉండే కొక్కెం అది. సరిగ్గా అలాంటిదే తగిలించుకుని ఆమె సొంత తమ్ముడు ఇప్పుడు పైన పనిలో ఉన్నాడు.

పెద్ద ఇంజనీరు కొక్కెం మీట నొక్కాడు. కదల్లేదు. రెండు చేతులా లాగాడు, సుత్తితో కొట్టాడు. కొక్కెం, కడ్డీ కలిపి పోత పోసినట్టు ఉండిపోయాయి.

“దీనిమీద బూడిదరంగు పూత ఉండాలే. ఏదమ్మా?”

“అది పూతా సార్? మసి అనుకున్నా. రుద్ది రుద్ది వదిలించా.”

ఆయన సుత్తి పక్కన పడేశాడు. “ఇక్కడైతే గాలి తగిలి లోహం మీద పలచటి పొర కడుతుంది. అక్కడ గాలేదీ? రాపిడికి ఉన్న పొర పోతే మళ్ళీ రాదు. ఒట్టి లోహాలు రెండూ ఒరుసుకుంటే అతుక్కుపోతాయి, నిప్పు కూడా అక్కర్లేదు. ఆ పూతే వాటిని విడిగా ఉంచేది. పైకి వెళ్ళినదాన్ని ఎవరు తుడిచారు?”

తుడిచింది ఆమే. తమ్ముడిదని దాన్ని ఇంకాస్త ఎక్కువే తోమింది.

ఇద్దరూ రేడియో గదికి పరుగెత్తారు.

“అక్కా, నువ్వా!” తమ్ముడు నవ్వుతున్నాడు. “నీ కొక్కెం ఓడ కడ్డీని పట్టుకుని ఎంతకీ వదలట్లేదే. అచ్చం నీలాగే మొండిఘటం. ఈ తాడుతో తలుపుదాకా రాలేను, గాలి చూస్తే అయిపోవస్తోంది.”

ఇంజనీరు ఆమె వైపు చూశాడు. ఇంకో తాడు లేదని ఇద్దరికీ తెలుసు. వాడు కడ్డీలు పట్టుకుంటూ వట్టి చేతులతో రావాలి. చెయ్యి జారిందా, ఇక అంతే. ఆయన మైకు అందుకోబోతే ఆమె ఇవ్వలేదు. చిన్నప్పుడు రోడ్డు దాటుతుంటే వాడి చెయ్యి ఒక్కసారీ వదిలిన మనిషి కాదు.

“ఒరేయ్, కడ్డీ గట్టిగా పట్టుకో. పట్టుకున్నావా?”

“పట్టుకున్నా. ఏంటక్కా?”

“తాడు కోసెయ్.”

అవతల నవ్వు ఆగిపోయింది.