మెట్లు కడిగే వంతు

గ్లాస్గోలో మా మెట్లు మేమే వంతులవారీగా కడుక్కుంటాం. ఎవరి వంతయితే వాళ్ళ తలుపు హ్యాండిల్‌కి ఒక అట్టముక్క వేలాడుతుంది: "ఈ వారం మీరే" అని. కడగడం అయ్యాక దాన్ని పక్కవాళ్ళ తలుపుకి తగిలించాలి. అట్టను చూడగానే అందరికీ నడుం నొప్పి మొదలవుతుంది గాని, కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

నా ఎదురింటి ఫ్రేజర్ తలుపును మాత్రం అట్ట ఎప్పుడూ దాటిపోయేది. అది కింది అంతస్తు సెంగా లాఫర్టీ తీర్పు. "వాడి చేతికి ఫినాయిల్ ఇస్తే తాగేస్తాడు" అనేది. శనివారాలు అతనింట్లో పాటల హోరు, మెట్ల మీద ఖాళీ సీసాలు. ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు.

ఫ్రేజర్ మీద ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టుకెళ్తామని, మాకు ఇళ్ళు అద్దెకిచ్చే ఇళ్ళ సంఘం తరఫున గిలియన్ వచ్చి చెప్పిపోయింది. ఇల్లు పోతే ఆదివారాలు ఫ్రేజర్ కూతురు వచ్చి ఉండడానికి చోటుండదు. నాకతని మీద ప్రేమ పొంగిపోలేదు. ఆ ఇంట్లోకి డ్రమ్ములు వాయించేవాడు దిగితే నా గతేమిటని ఆలోచించానంతే. నా వంతు అవగానే అట్టను అతని తలుపుకి తగిలించాను.

కాసేపటికి తలుపు తట్టాడు.

"మిసెస్ రెన్నీ, ఇది పొరపాటున నా తలుపుకి వచ్చింది."

"పొరపాటేం కాదు. వంతు నీదే."

"నాదా? ఇన్నాళ్ళూ ఎవరూ ఇవ్వకపోతే, ఇది సొంత ఇళ్ళవాళ్ళకేమో అనుకున్నా."

"సొంత ఇళ్ళా! ఇక్కడ అందరం అద్దెవాళ్ళమే బాబూ. బకెట్ ఉందా?"

"లేదు."

"నాది తీస్కెళ్ళు. మళ్ళీ తెచ్చివ్వు."

పాపం, కింది నుంచి పైకి కడగడం మొదలెట్టాడు. పై మెట్ల మురికంతా కడిగిన మెట్ల మీదికే కారింది. సెంగా తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఒరేయ్, కింద నుంచి ఎవడన్నా కడుగుతాడా! మీ అమ్మ నీకేం నేర్పిందిరా?"

"వంట నేర్పిందండీ."

"అయితే పోయి వండుకో. ముందా మాప్ ఇటివ్వు!"

ఆమె ఒక్క మెట్టు కడిగి చూపించింది. మిగతావన్నీ అతనిచేత కడిగించి, తాను టీ కప్పుతో నిలబడి అజమాయిషీ చేసింది.

శనివారం అతని స్నేహితులు వచ్చారు. నేను తలుపుకి చెవి ఆనించే ఉన్నాను.

"ఆగండ్రా! బూట్లు తుడుచుకుని రండి. మెట్లు నేను కడిగాను."

"నీకేమైందిరా ఫ్రేజర్?"

"సీసా ఒక్కటి కనపడిందా, మిమ్మల్ని మిసెస్ లాఫర్టీకి అప్పజెప్తా."

పకపకా నవ్వారు. సెంగా ఇంటి తలుపు కిర్రుమంది. నవ్వు ఆగింది. పాటలు వినబడ్డాయి గాని, నిద్రవేళకి ముందే ఆగిపోయాయి.

సోమవారం గిలియన్ మళ్ళీ వచ్చి సెంగా గుమ్మంలో పెన్ను తీసింది. పైన ఫ్రేజర్, నేను మెట్ల రెయిలింగ్ పట్టుకుని వంగి వింటున్నాం.

"ఫిర్యాదులేమైనా ఉన్నాయాండీ?"

"ఉంది" అంది సెంగా.

ఫ్రేజర్ ముఖంలో రక్తం లేదు.

"వాడు మెట్లు కడిగితే మూలలు వదిలేస్తాడు."

గిలియన్ పెన్ను గాలిలో ఆగింది. "అది... మేం చూసే విషయం కాదండీ."

"నేను చూసుకుంటాలే" అని సెంగా తలుపు వేసేసింది.

ఫ్రేజర్ ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డాడు. గిలియన్ రావడానికి కాస్త ముందే సెంగా తన వంతుకి కడిగి వెళ్ళిన మెట్టు అది, ఇంకా ఆరలేదు. చెబుదామనుకునేలోపే కూర్చున్నాడు.