మురుగు పైపులో తేట నీళ్ళు

ఆమె అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. ఇంట్లో తను ఎక్కడో కాలుజారి పడిపోయి లేవలేకపోతే, ఉయ్యాలలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, విన్నవాళ్ళంతా "ఆ పిల్ల ఎప్పుడూ ఏడుస్తుందిలే" అనుకుని ఎవరి పనిలో వాళ్ళుండిపోతే? పగలంతా ఈ ఒక్క భయం ఆమె కాళ్ళకడ్డం పడుతూనే ఉండేది. తడి గచ్చు మీద పిల్లిలా నడిచేది. స్నానానికి వెళ్తే గడియ పెట్టుకునేది కాదు.

భర్తది సెల్‌టవర్లు ఎక్కే పని. పనెక్కడుంటే అక్కడే మకాం. ఫోన్‌లో "తిన్నావా, పిల్ల తిన్నదా" అని అడిగేలోపే పైనుంచి ఎవరో కేకేసేవారు, ఫోన్ ఆగిపోయేది. చుట్టుపక్కల వాళ్ళు మంచివాళ్ళే గాని, వాళ్ళ ఓపిక్కీ ఒక హద్దుంటుంది కదా. ఒకసారి పిల్ల మామూలుకన్నా ఎక్కువసేపు నిద్రపోయిందని ఆమె వీధివీధంతా పోగుచేసింది. ఇంకోసారి గ్యాస్ లీకవుతోందని అందర్నీ ఇళ్ళలోంచి బయటికి లాగింది. తీరా చూస్తే స్టవ్ మీద మరిగించడానికి పెట్టి మర్చిపోయిన పాలపీక మాడి బొగ్గయి ఉంది. ఆ రోజు నుంచీ ఆమె పేరు గాభరమ్మ. ఎదురింటి టైలర్ వదిన ఆ పేరు పెట్టిందని చెప్పుకుంటారు. వదిన మాత్రం ఒప్పుకోదు.

గోడకి గోడ అంటుకుని ఉండే చిన్న చిన్న ఇళ్ళ వరస అది. ఆమె ఇంటికీ, చివరి ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. చివరింట్లో హారన్ తాతయ్య ఒక్కడే ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యాడు. మాట్లాడితే వెనకనుంచి బస్సు వస్తోందనుకుని పక్కకి తప్పుకోవాలి, అంత గొంతు. పిల్ల ఏడ్చినప్పుడల్లా గోడ అవతలనుంచి "ఏయ్ అమ్మాయ్! నీ కూతురికి బ్రేకులు లేవా?" అని అరిచేవాడు. ఈమె పిల్లని భుజాన వేసుకుని వంటింట్లోకి పారిపోయేది.

ఆమె గుమ్మం ముందు రోడ్డు కుంగడం మొదలైంది. ముందు పళ్ళెం అంత, తర్వాత చేట అంత. కింద మురుగు పైపు అతుకు దగ్గర పగిలిందనీ, ఆ పగులులోంచి మట్టి జారిపోతోందనీ చూడ్డానికొచ్చినవాళ్ళు చెప్పారు. కొన్నాళ్ళకి ఒక వ్యాను, దాని వెనక కంప్రెసర్, నలుగురు మనుషులు వచ్చారు. గడ్డపారలు లేవు, తవ్వే మిషను లేదు.

"తవ్వకుండా ఎలా బాగుచేస్తారు?" పిల్లని చంకనేసుకుని గేటు దగ్గరే నిలబడి అడిగింది.

"మ్యాన్‌హోల్లోంచి లోపలికి పంపిస్తామమ్మా," అని మేస్త్రి ఒక స్టీలు రేకు చుట్టని చూపించాడు. అద్దంలా మెరుస్తోంది. దాని చుట్టూ నల్ల రబ్బరు. "ఇది తొడుగు. దీన్ని బెలూన్ మీద చుట్టి పగులు దగ్గరికి లాగుతాం. గాలి కొడితే బెలూన్ ఉబ్బుతుంది, తొడుగు విచ్చుకుని పైపుకి అతుక్కుపోతుంది. పళ్ళున్న తాళం ఉంటుంది, ఒకసారి విచ్చుకున్నాక వెనక్కి ముడుచుకోదు."

"ఎన్నాళ్ళుంటుంది?"

"నువ్వూ నేనూ పోయినా ఉంటుంది."

"తుప్పు పట్టదా?"

"మీ ఇంట్లో స్టీలు గ్లాసుకి ఎప్పుడైనా తుప్పు పట్టిందా?"

"గ్లాసుకి పట్టలేదుగాని, ఉప్పు వేసి ఉంచే గిన్నెకి అడుగున చుక్కలు చుక్కలుగా మచ్చలు పడ్డాయి," అందామె. "మురుగులో ఉప్పు ఉండదా మరి?"

వ్యానులో తెర ముందు కూర్చున్న కెమెరా అక్క పకపకా నవ్వింది. "చెప్పు మేస్త్రీ, చెప్పు. దొరికావు కదా!" అని, ఆమె వైపు తిరిగి, "నిజమేనమ్మా. ఇంట్లో గిన్నెల స్టీలు ఇక్కడ పనికిరాదు. ఇది ఇంకో రకం. ఉప్పుకీ మురుగు గాలికీ తట్టుకునేలా వేరే లోహం కలిపి చేస్తారు. స్టీలు ఉంటుంది. ముందు ముసలిదయ్యేది దాని మీదున్న రబ్బరే. పైకి రా, కూర్చో. తెర మీద చూద్దువుగాని."

వ్యానెక్కేముందు ఆమెకో పని అప్పజెప్పారు. పైపు మొదట్లో బెలూన్ బిగించి పై వీధి మురుగుని ఆపేశారు గాని, ఈ వరసలో ఇళ్ళ నీళ్ళు పక్క గొట్టాల్లోంచి వచ్చి పడుతూనే ఉంటాయి. కాసేపట్లో విజిల్ వేస్తారు. ఈలోపు ఎవరి బకెట్లు వాళ్ళు నింపుకోవాలి. విజిల్ తర్వాత మళ్ళీ చెప్పేదాకా కుళాయి తిప్పకూడదు, ఫ్లష్ నొక్కకూడదు. చెప్పిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టాలి. ఇదీ వాళ్ళ పద్ధతి.

"గాభరమ్మ చేతికి సుద్ద ఇచ్చారా! ఇంకేం, ఈ పూట కుళాయి వంక చూడ్డానిక్కూడా భయమే," అంది టైలర్ వదిన, గోడ చూపిస్తూ. "పెట్టు, పెద్దగా పెట్టు."

చివరగా హారన్ తాతయ్య తలుపు కొట్టింది. గొంతు సవరించుకుని, చెప్పాల్సినదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

తాతయ్య తలుపుకి ఆనుకుని ఆమెని పైనుంచి కిందకి చూశాడు. "బస్సు నిండా జనాన్నేసుకుని పగలంతా ఆపుకుని నడిపినవాణ్ణి. ఆపుకోవడం నాకు నువ్వు నేర్పుతావా?"

పిల్ల కిలకిలా నవ్వింది. ఆయన గొంతు విని ఏడవకుండా నవ్వడం దానికి అదే మొదలు. తాతయ్య పిల్ల వైపు వంగి, "దీనికి బ్రేకులు లేవుగాని హారన్ బాగుంది," అన్నాడు. "విజిల్ పడ్డాక నా ఇంట్లోంచి ఒక్క చుక్క రాదు. పో. మాటిచ్చానని చెప్పు మీ మేస్త్రికి."

ఆమె గోడ మీద ఇంటూ పెట్టి వచ్చేసింది.

విజిల్ పడింది. కంప్రెసర్ దడదడలాడుతుంటే వీధిలో మనిషి మాట మనిషికి వినబడటం లేదు. చక్రాల మీద కూర్చున్న కెమెరా పైపులోకి దిగింది. తెర మీద గుండ్రటి చీకటి, దాని మధ్య వెలుగు. పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. ఒక్కో ఇంటి గొట్టం పక్కనుంచి కన్నంలా కనబడి వెనక్కి పోతోంది. అన్నీ ఎండిపోతున్నాయి. పగులు కూడా కనిపించింది, విరిగిన కుండ పెంకు అంచులా, దాని కింద నల్లటి మట్టి. తన పిల్ల ఉయ్యాల దీనికి ఎంత దూరమో ఆమె మనసులోనే కొలుచుకుంది.

చివరి గొట్టం దగ్గర కెమెరా అక్క చెయ్యి ఆగింది. "ఇదెవరిది? నీళ్ళొస్తున్నాయి."

"హారన్ తాతయ్యది," అంది ఆమె.

సన్నగా, వేలంత ధార. సబ్బు నురగ లేదు, రంగు లేదు. మురుగు పైపులోకి మంచినీళ్ళు తేటగా జారుతున్నాయి. అందరూ ఆగుతుందేమోనని చూశారు. ఆగలేదు.

"ముసలాయన మొండికేశాడన్నమాట," అన్నాడు మేస్త్రి, వ్యాను తలుపులోంచి తల పెట్టి. "సర్లే, పోనీ. పూత వేసే పని అయితే తడి ఉంటే అంటుకోదని ఏడ్చేవాళ్ళం. ఇది స్టీలు, ఈ మాత్రం నీళ్ళకి దానికేం కాదు. పెట్టేద్దాం."

కెమెరా అక్క సరేనన్నట్టు తలూపింది. ఆమె మాత్రం తెర మీద ఆ ధారనే చూస్తోంది. స్టీలుకేం కాదు, నిజమే. మరి ఆ నీళ్ళెందుకొస్తున్నట్టు?

"ఆయన మాటిచ్చాడన్నా," అంది.

"ఎవరు, హారనా? నీకు తెలీదమ్మా, ఇలాంటివాళ్ళని వీధికొకణ్ణి చూశాం. చెప్పిందానికి ఎదురు చెయ్యకపోతే వాళ్ళకి అరగదు."

"ఎదురు మాట్లాడతాడుగాని మాట తప్పడు." తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఫ్లష్ అయితే ఒక్కసారి భళ్ళున వచ్చి ఆగిపోవాలి కదక్కా? ఇది ఆగట్లేదు. కుళాయి తెరిచి వదిలేసినట్టుంది. వీధి కుళాయి కారితే కట్టేదాకా నిద్రపోడు ఆయన."

వ్యాను పక్కకొచ్చి నిలబడ్డ టైలర్ వదిన కేకేసింది. "మొదలెట్టావా తల్లీ? ఇవాళ ఎవరికేమైంది?"

అక్కడితో ఆమె నోరు పడిపోవలసింది. మాడిన పాలపీక వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. వెళ్ళి తలుపు బాదాక ఆయన మామూలుగా బయటికొచ్చి, వీధి అదిరేలా అరిస్తే? ఈసారి గాభరమ్మ అనరు, ఇంకేదో అంటారు. అననీ. తాతయ్య చేత తిట్లు తినడమే జరిగితే అంతకన్నా అదృష్టం లేదు.

పిల్లని కెమెరా అక్క ఒళ్ళో పెట్టి దూకింది. తలుపు బాదింది. తియ్యలేదు. చెవి ఆనించింది. కంప్రెసర్ మోత తప్ప ఏమీ లేదు. వెనక్కి పరుగెత్తుకొచ్చి, "అన్నా, ఆ కంప్రెసర్ ఆపు," అంది.

"మధ్యలో ఎలా—"

"దణ్ణం పెడతా, ఒక్క నిమిషం ఆపు!"

మేస్త్రి కెమెరా అక్క వైపు చూశాడు. "పై వీధి మురుగుని ఆపిన బెలూన్‌లో గాలి బిగించే ఉందిగా," అందావిడ. "ఆపు."

కంప్రెసర్ ఆగింది. వీధి మీద నిశ్శబ్దం దుప్పటిలా పడింది. అప్పుడు వినిపించింది. చివరింటి వెనకవైపునుంచి, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ కొట్టుకుంటున్న చప్పుడు. టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. చాలాసేపటినుంచి కొట్టి కొట్టి అలిసిపోయిన చెయ్యి.

మేస్త్రి పరుగెత్తి తలుపుని భుజంతో గుద్దాడు. రెండు దెబ్బలకి గడియ ఊడింది. ఆమె అందరికన్నా ముందు లోపలికి దూరింది. స్నానాల గదిలో తాతయ్య ఒక పక్కకి పడి ఉన్నాడు. కాలు ఉండాల్సిన తీరున లేదు. విజిల్ పడేలోపు నీళ్ళు పట్టుకుందామని కుళాయి తిప్పినట్టున్నాడు. బకెట్ నిండి పొర్లుతోంది. చేతిలో మగ్గు. కంప్రెసర్ మోతలో ఆ గొంతు కూడా ఎవరికీ చేరలేదు, ఇప్పుడు గొంతే లేదు.

ఆమె పక్కన కూర్చుని తలకింద చెయ్యి పెట్టింది. ఆయన పెదాలు కదిలాయి. ఆమె వంగింది.

"ముందు కుళాయి కట్టు... ఎన్ని నీళ్ళు పోయినయ్యో."

కట్టింది.

"మాట తప్పాననుకున్నారా?"

"ఎవరూ అనుకోలేదు తాతయ్యా," అంది. అబద్ధమే. వెంటనే దిద్దుకుంది. "నేననుకోలేదు."

ఆయన కళ్ళు మూసుకుని ఆమె వేలు పట్టుకున్నాడు, పిల్ల పట్టుకున్నట్టే, మొత్తం పిడికిలితో. అంబులెన్స్ వచ్చేదాకా వదల్లేదు. టైలర్ వదిన దుప్పటి తెచ్చి కప్పింది. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేకపోయింది.

ఆ సాయంత్రం తొడుగు వేశారు. తెర మీద బెలూన్ ఉబ్బింది, తొడుగు పువ్వులా విచ్చుకుంది, పగులు దాని వెనక్కి వెళ్ళిపోయింది. చీకటి పైపులో ఒక్క చోట మాత్రం వెండి కడియం తొడిగినట్టుంది. పిల్ల తెరని ముట్టుకోబోతే కెమెరా అక్క ఆపలేదు.

"ఇంక దీని జోలికి రానక్కర్లేదా?" అని ఆమె అడిగింది.

"రావాలి. కొన్నేళ్ళకోసారి కెమెరా దింపి చూడాలి." కెమెరా అక్క కేబుల్ చుట్టుకుంటూ ఒక్క క్షణం ఆగింది. "నిజం చెప్పనా? ఎవరూ రారు. మట్టి పైపుకైతే పగులుతుందని భయపడి వస్తారు. స్టీలు వేశాక, దానికేంలే అనుకుంటారు. ఇందాక నేనూ అలాగే అనుకున్నాను కదా."

మర్నాడు తాతయ్య తుంటికి ఆపరేషను చేసి స్టీలు ప్లేటు వేశారు. ఆమె పిల్లనెత్తుకుని వెళ్ళి స్టీలు తొడుగు సంగతంతా చెప్పేసరికి, ఆయనకి సగం గొంతు అప్పటికే తిరిగొచ్చింది. "చూశావా, కాలవకీ నాకూ ఒకటే వైద్యం. నా ప్లేటు ఏ రకమో అడిగావా? ఉప్పుకి తట్టుకుంటుందా?"

"డాక్టర్ని అడిగాను తాతయ్యా. మీరు పోయినా అది ఉంటుందన్నారు."

ఆయన నవ్వబోయి నొప్పికి "అబ్బా" అన్నాడు. పక్క మంచాలవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఇంటికొచ్చాక ఆయన ఊతకర్రతో నడుస్తున్నాడు. ఎవరు పలకరించినా ఒకటే జవాబు: "నాకేం, బండిలా ఉన్నాను." ఆమె ఆ జవాబు వింటుంది, తలూపుతుంది, అయినా లోపలికెళ్ళి గచ్చు తడిగా ఉందేమో చూసి వస్తుంది. టైలర్ వదిన కూడా ఈ మధ్య పొద్దున్నే ఏదో ఒక వంక పెట్టుకుని ఆ తలుపు దగ్గరికి పోతోంది. సూది పడిపోయిందంటుంది ఒకసారి. ఇంకోసారి ఊరికే.

మీకూ అలాంటి మనిషి ఒకరు తెలిసే ఉంటారు. ఎప్పుడడిగినా "నాకేం" అనే మనిషి. గట్టి మనిషి కదా అని మీరు అడగడం మానేసి చాన్నాళ్ళయి ఉంటుంది. ఫోన్ చేస్తే మళ్ళీ "నాకేం" అనే అంటారు, కాబట్టి ఫోన్ వద్దు. ఇవాళే ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. తీసేదాకా అక్కడే ఉండండి.