కత్తెర ముట్టని జడ

లింగవ్వ అన్నదట... కాదు, లింగవ్వకు గాజులమ్మేటామె చెప్పిందట.

ఆమె ధర్మపురి దిక్కు గాజులమ్మ పోయినప్పుడు కరుణాకర్ ఇంట్ల కూసున్నదట. కరుణాకర్ పెండ్లాం నవ్యశ్రీ ఒక చెయ్యి చాపి గాజులేసుకుంట, ఇంకో చేత్తోని గూట్ల డబ్బి ఒకటి పక్కకు జరిపిందట. మూత ఊడిందట. లోపట ఎంటికెలట.

సన్నటి ఎంటికెలట. పిల్లగానియి ఉన్నట్టు ఉన్నయట.

"నేనైతే చూడలే బిడ్డా. చూసినామె చెప్పింది," అన్నది పక్కింటి లింగవ్వ, నడిమి గోడ మీద గదుమ ఆనిచ్చి. "నాకెందుకులే అనుకున్న. మళ్ల కడుపుల ఆగలే. నీ కొడుకు నెత్తి ఎందుకు నొస్తుందో డాక్టర్లకు ఏమెరుక?"

రోజారాణి చేతుల అప్పుడు కొడుకు జడ ఉన్నది.

కొబ్బరినూనె వాసన. గచ్చు మీద పొద్దటి ఎండ. ఆ ఎండల కూసున్న పోరని ఈపు మీదికెల్లి, నడుము దాక, నల్లగ జారిన జడ.

పిడికిలి బిగిసింది.

"అమ్మా..." అన్నడు సాయిచంద్.

"కదలకురా."

వానికి ఐదేండ్లు. పుట్టినప్పటి సంది వాని నెత్తికి కత్తెర ముట్టలే.

పుట్టెంటికెలు మేనమామ తియ్యాలె. వేములవాడ రాజన్న కాడ మేనమామ ఒళ్లె కూసోవాలె పిల్లగాడు. మొదటి కత్తెర మేనమామ పెట్టాలె. అటెనుకనే మంగలి కత్తి. సిరిసిల్లల ఏ ఇంట్ల అడిగినా గంతే.

సాయిచంద్ మేనమామ కరుణాకర్. రోజారాణికి తోడవుట్టిన అన్న.

అన్న రాలే.

కాదు — రోజారాణి రానియ్యలే.

సంగతి అంత గోదారి ఒడ్డున ఉన్నది.

కన్న అవ్వ పోయిందని పొద్దుగాల ఫోనొచ్చింది. సంటి పోరన్ని సంకనేసుకొని బస్సెక్కింది రోజారాణి. బస్సు తొవ్వల ఖరాబైంది. ఇంకో బస్సు కోసం ఎండల నిలవడ్డది. ఊరి అడ్డమీద దిగేసరికి అక్కడ ఎవ్వలూ లేరు. డప్పు సప్పుడు లేదు. ఏటి దిక్కు పొగ ఉన్నది.

నల్లటి పొగ. నిలువు పొగ. గాలి లేక అక్కన్నే నిలవడ్డ పొగ.

అవ్వ మొఖం లేదు. పొగ ఉన్నది.

"పొద్దు గూకుతుంటె ఊరోల్లు ఆగలే చెల్లె," అన్నడు కరుణాకర్, తడిబట్టల మీద.

ఊరోల్లు ఆగలే! ఆపేటోడు కొడుకు కాదా? జర ఆగుండ్రి, నా చెల్లె తొవ్వల ఉన్నది అనేటందుకు నోరు పడిపోయిందా?

అక్కన్నే, అందరి ముంగట, సంకల పోరని నెత్తి మీద చెయ్యి పెట్టి అన్నది.

"మా అవ్వ మొఖం నాకు చూపియ్యలే నువ్వు. నా కొడుకు నెత్తి నీకు ముట్టనియ్య. నువ్వే వచ్చి, నా గడపల నిలవడి, తప్పైందని అడిగేదాక వీని ఎంటికె మీద కత్తెర వడదు."

ఏరు ఆగలే. ఏరు దాని మానాన అది పోయింది.

రోజారాణి మాత్రం అక్కన్నే ఆగింది.

ఎంటికెలు పెరిగినయి. పంతం పెరిగింది.

చెవులు దాటినయి... మెడ దాటినయి... ఈపు మీదికి దిగినయి. వానకాలం మబ్బు దిగినట్టు దిగినయి.

పెండ్లికి పోతే, పురుడుకు పోతే, ఎవలో ఒకలు అడిగేది: "ఏందే రోజా, పోరనికి ఇంక పుట్టెంటికెలు తియ్యలే?"

గా మాట కోసమే పోరన్ని ముంగట నిలవెట్టేది రోజారాణి.

"మేనమామను అడుగుండ్రి," అనేది.

గంతే. అంతకన్న ఒక్క మాట ఎక్కువ అనకపోయేది. మిగిలింది చుట్టాలే అనుకునేటోల్లు. అటెనుక పనికని మస్కట్ పోయిన కరుణాకర్‌కు ఫోన్ల మీద ఫోన్లు పోయేటియి. చెల్లె కొడుకు ఎంటికెలు తియ్య చేతగానోడని పేరొచ్చింది. ఆ పేరు రోజారాణి చెవులకు జుంటితేనె లెక్క ఉండేది.

జడ కాదది. అన్న మీద ఊరూర తిప్పుతున్న చాటింపు.

భర్త శ్రీహరి సాంచాల మీద బట్ట నేస్తడు. పొద్దంత సాంచాల మోత విన్నోడు, ఇంటికొస్తే నెమ్మది కోరుకుంటడు. "మీ చిన్నాయిన కొడుకున్నడు కదా. ఆయనా మేనమామనే. ఆయన తోని కత్తెర పెట్టిద్దాం," అన్నడు ఒకసారి. రోజారాణి చూసిన చూపుకు మళ్ల ఆ మాట ఎత్తలే.

మస్కట్ నుంచి తిరిగొచ్చినంక అన్న కబురు పంపిండు. ఎప్పుడంటే అప్పుడు వస్త అని.

"రమ్మంటే వచ్చేటోడు నాకద్దు," అన్నది. "వచ్చి అడగాలె."

నెత్తినొప్పి బడికి పోవుడు మొదలైనంక వచ్చింది.

బడిల పోరగాండ్లు "పోరీ... ఓ పోరీ..." అని జడ గుంజేటోల్లు. జర గట్టిగ అల్లి పంపుండ్రమ్మా అన్నది టీచరమ్మ.

గట్టిగ అల్లుడు రోజారాణికి చెప్పాల్నా? బీడీలు చేసే చెయ్యి. దారం వదులైతే కంపెనీల సారు బీడీని తీసి పక్కకు పడేస్తడు. ఆ చేతి ఏళ్లకు వదులంటే ఏందో తెల్వది.

పొద్దు పొద్దున మూడు పాయలు తీస్తది.

మొదటి పాయ — కరుణాకర్. గుంజుతది.

రెండో పాయ — నవ్యశ్రీ. పోయేటప్పుడు అత్త నోట్ల ఇన్ని నీళ్లన్న పోసిందో లేదో! గుంజుతది.

మూడో పాయ — పొగ.

పొగ ఎంత పట్టినా పిడికిట్లకు రాదు... అందుకే ఇంకింత గుంజుతది.

పోరని కనుబొమ్మలు మీదికి లేస్తయి. కండ్లు సన్నగ సాగుతయి. వాడు పండ్లు కొరుక్కొని కూసుంటడు. అమ్మ నోట్లె నోట్లె ఎవలినో తిడుతుంటది. అమ్మ తిట్టేటప్పుడు కదలద్దని వానికి ఎరుకైంది.

పగటీలికి బడి నుంచి ఫోనొస్తది. బాబు నెత్తి పట్టుకొని ఏడుస్తుండు, వచ్చి తీసుకపోండ్రి.

ఉప్పు మిరపకాయలు దిగదీసి పొయ్యిలేసింది. దర్గకు పోయి తాయెత్తు కట్టించింది. కరీంనగర్ల పెద్ద డాక్టర్‌కు చూపిచ్చింది. కండ్లు చూసిండ్రు, మంచిగున్నయి. నెత్తి లోపటి ఫోటో తీసిండ్రు, అండ్ల ఏం లేదు. "ఫోన్ చూడనియ్యకండ్రి," అన్నడు డాక్టర్. వాళ్లింట్ల ఉన్న ఒక్క ఫోను శ్రీహరి జేబుల ఉంటది.

ఏం లేదంటే ఎట్ల? నొస్తుంది కదా!

ఉన్నొక్కడు. పక్క గల్లీల ఒక పిల్లకు గిట్లనే నొప్పితోని మొదలైందట... ఆ ముచ్చట ఇన్నకాడి సంది రోజారాణికి బువ్వ దిగలే. బీడీ ఆకు కత్తిరిస్తుంటే కత్తిరిస్తుంటే చెయ్యి ఆగిపోయేది. పండుకున్న పోరని నొసలు మీద అరచెయ్యి పెట్టి చూసేది. వేడి లేదు. వాపు లేదు. ఏం లేదు. ఆ ఏం లేనిదే ఆమెను తినవట్టింది.

కనవడే రోగమైతే కొట్లాడేది. కనవడని దానితోని ఏం కొట్లాడుతది?

ఫోటో తీసే కాడ జడ ఇప్పించిండ్రు. పోరడు ఆ బల్ల మీదనే కమ్మగ నిద్రవోయిండు. మిషన్ల ఏదో మహిమ ఉన్నదనుకున్నది రోజారాణి.

ఆదివారం తలకు పోసి ఎంటికెలు ఆరబెడితే, వాడు గల్లీ అంత ఉరుకుతడు. నొప్పి మాటే ఉండది. ఆదివారమే ఎందుకు ఉండదు? ఎంత ఆలోచించినా తట్టలే ఇన్నొద్దులు.

గోడ మీద లింగవ్వ మాట పడంగనే తట్టింది.

డబ్బి. వదినె డబ్బి. ఆదివారం నాడు ఆ డబ్బి మూత తియ్యదు కావచ్చు.

ఇగో... ఇప్పుడు కనవడ్డది. కొట్లాడేటందుకు ఒక మొఖం దొరికింది. భయం పోయింది. భయం ఉన్న కాడ అగ్గి కూసున్నది. ఆ అగ్గి ఎంత హాయిగున్నదో!

జడ కొసకు రిబ్బను బిగించింది. పోరని చెయ్యి పట్టుకొని బస్సెక్కింది.

తొవ్వ పొడుగూత తిట్లు నూరుకున్నది. నీ చేతులిరగ. నీ గూడు కూల. నా అవ్వను కాలవెట్టిన అగ్గి మీ ఇంటి మీద వడ. ఒక్కొక్క తిట్టు కత్తి లెక్క పదును పెట్టుకున్నది. ఏది ముందు అనాల్నో, ఏది ఆఖరుకు దాచాల్నో అనుకుంట కూసున్నది. పక్క సీట్ల పోరడు కిటికీ చువ్వలకు నొసలు ఆనిచ్చిండు. వాని జడ కొస అమ్మ పిడికిట్ల ఉన్నది.

మక్క చేండ్లు పోయినయి. బండరాళ్ల గుట్టలు పోయినయి. గోదారి కనవడ్డది.

మొఖం తిప్పుకున్నది.

కరుణాకర్ అరుగు మీద మక్క కంకులు ఒలుస్తుండు. చూసి, చేతుల కంకి చేతులనే ఉండంగ లేచి నిలవడ్డడు. నెత్తి సగం నెరిసింది. అవ్వ పోలికలు వచ్చినయి.

"చెల్లె..."

"చెల్లె లేదు, గిల్లె లేదు. నీ పెండ్లాన్ని పిలువు. డబ్బి తెమ్మను!"

నవ్యశ్రీ కొంగుకు చేతులు తుడుసుకుంట వచ్చింది. "ఏం డబ్బి రోజా? రా, కూసో ముందుగాల. పిల్లగాడు ఎండకు వాడిపోయిండు."

"నా కొడుకు ఎంటికెలు దాసిన డబ్బి! వాని నెత్తి తొలుస్తున్న డబ్బి!"

నవ్యశ్రీ లోపటికి పోయింది. డబ్బి తెచ్చి మూత తీసి అరుగు మీద గుమ్మరించింది. బారెడు బారెడు ఎంటికెలు. చుట్టలు చుట్టలు. అండ్ల తెల్లయి కూడ ఉన్నయి.

"నాయే. దువ్వెనకు రాలినయి. ఎంటికెలకు గిన్నెలిచ్చేటోడు వస్తే ఇద్దామని దాసిన. నీ కొడుకును నాకు ఎన్నడు చూపిచ్చినవని వాని ఎంటికె దొరుకుతది? కావాలంటే సగం నువ్వు తీసుకపో. గంటె వస్తది."

పక్కింటి కాడ ఎవలో కిసుక్కున నవ్విండ్రు.

నూరుకున్న తిట్లన్ని నోట్లనే ఉన్నయి. ఎవలి మీద ఉమ్మాల్నో తెల్వలే.

పోరడు అప్పటికే గుంజకు ఆనుకొని కింద కూసున్నడు. నెత్తి పట్టుకున్నడు. సప్పుడు లేకుంట ఏడుస్తుండు. ఏడ్చీ ఏడ్చీ సప్పుడు చేసుడు మానేసిన ఏడుపు.

నవ్యశ్రీ ఎవ్వల్ని అడగలే. పోయి వాని ఎనుక కూసున్నది. రిబ్బను ఇప్పింది. జడ ఇప్పింది. పాయ పాయనే ఏళ్లతోని ఇడదీసింది.

నొసటి పైన, ఎంటికెల మొదళ్లల ఎర్రటి పొక్కులు. కణతల కాడ ఎంటికెలు ఊడి నున్నగైన చర్మం.

"ఓ రాజన్నా..." అన్నది నవ్యశ్రీ, మెల్లగ.

పోరని కనుబొమ్మలు కిందికి దిగినయి. కండ్లు గుండ్రగైనయి. ఊపిరి పెద్దగ ఇడిసిండు. ముంగట చెదిరి ఉన్న మక్క గింజలు ఏరవట్టిండు.

"నొప్పి పోయిందా బిడ్డా?"

"పోయింది అత్తా."

కరుణాకర్ పోరని నెత్తి చూసిండు. చెల్లె మొఖం చూసిండు. కంకి కింద పెట్టి అరుగు దిగిండు.

"తప్పు నాదే. ఆ పొద్దు నేను ఆపాల్సింది. నోరు లేవలే. రేపే వేములవాడ పోదాం చెల్లె. నా ఒళ్లె కూసోబెట్టుకొని తీస్త."

గిదే మాట. నాలుగేండ్ల సంది ఏ మాట కోసం కొడుకు నెత్తి మీద మబ్బును మోపిచ్చిందో గదే మాట. వచ్చింది.

కాని ఇది అన్న గడప.

తనే నడిచొచ్చిన గడప. రేపు చుట్టాలేమంటరు? చెల్లెనే పోయి అడుక్కున్నదంటరు. అవ్వ మొఖం పోయె, ఇప్పుడు ఈ మాట కూడ పోతదా? తీపి కావాల్సిన మాట నోట్ల బూడిద లెక్క ఉన్నది. ఇంకింత కావాలె. అన్న వంగాలె. తన గల్లీల, తన గడపల, లింగవ్వ చూడంగ వంగాలె.

"గీడ కాదు," అన్నది. "నా గడపకు వచ్చి అడుగు. అప్పుడు చూద్దాం."

పోరన్ని రెక్క పట్టి లేపింది. చెదిరిన ఎంటికెలన్ని ఒక్క గుంజుకు పిడికిట్లకు తీసుకున్నది. అల్లుకొని పోవాలె. బస్సు పోతది.

వాడు రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నడు.

"ఏందిరా మళ్ల? పోయిందంటివి కదా ఇప్పుడే! ఎక్కడ నొస్తుందిరా?"

మక్క గింజలు చేతులకెల్లి జారినయి. సాయిచంద్ మెడ తిప్పలే.

"నువ్వు పట్టుకున్న కాడ."