రత్నమ్మ చెప్పులు

వాకిట్లో చెంబెడు నీళ్లు చల్లి, చీపురు గోడకు ఆనించి, సుబ్బరత్నమ్మ చెప్పులు విడిచింది. ఊరికే విడవలేదు. రెండింటినీ జతగా, ముక్కులు వీధివైపు తిప్పి, మెట్టు మీద అందరికీ కనబడేలా పెట్టింది. ఒకదానికి తెల్ల వారు, ఇంకోదానికి నీలం వారు. నీలం వారు ఊడిరాకుండా అడుగున పిన్నీసు గుచ్చి ఉంది. మడమల దగ్గర రబ్బరు అప్పడంలా పలచబడిపోయింది. కొత్తవి కొనుక్కోమని ఎవరైనా అంటే, "ఇవి నా బోర్డప్పా. బోర్డు మారిస్తే జనాలు దావ తప్పుతారు" అంటుంది.

నల్లమాడ బస్టాండు వెనక సందులో ఉన్న ఆ రెండు గదుల 'తోడు' మహిళా కేంద్రానికి నిజంగానే బోర్డు లేదు. ఉంటే లోపలికి ఎవరూ రారు. ఫోను మూలంగా చిక్కుల్లో పడ్డ ఆడవాళ్లు వచ్చే చోటు అది. తన ఫోటో పెట్టి ఎవడో దొంగ ఖాతా తెరిచాడని ఒకరు వస్తారు, పాత ఫోటోలు బయటపెడతానని బెదిరిస్తున్నాడని ఇంకొకరు. ఫోను ముట్టుకుంటే చెడిపోతావని మొగుడు లాక్కున్నాడని వచ్చేవాళ్లకైతే కొదవే లేదు. మనిషిని చూడకపోయినా గడప ముందరి చెప్పులు చూసి ఫలానా ఇంటి కోడలని చెప్పేసే సందు అది. అందుకే వచ్చినవాళ్లు ఎవరి చెప్పులు వాళ్లు చేతపట్టుకుని లోపలికి తెచ్చుకోవాలని రత్నమ్మ పద్ధతి పెట్టింది. బయట ఆమె చెప్పులు మాత్రమే ఉంటాయి. అవి ఉన్నాయంటే రత్నమ్మ లోపల ఉందని, భయం లేకుండా రావచ్చని.

లోపల మౌనిక అప్పటికే లాప్‌టాప్‌లో తల దూర్చేసి ఉంది. కేంద్రాన్ని నడిపేది ఆ పిల్లే. ఆడవాళ్లు ఇంటర్నెట్‌ను స్వేచ్ఛగా, భద్రంగా వాడుకునేందుకు సాయపడే సంస్థలకు ఢిల్లీలో ఒక ట్రస్టు గ్రాంటు ఇస్తోంది. దరఖాస్తు పంపడానికి ఆ రోజే ఆఖరు. గ్రాంటు వస్తే మూడేళ్లు నిశ్చింత, రాకపోతే నెలాఖరుకు తలుపులకు తాళం.

"పొద్దున్నుంచి ఏమన్నా తింటివా పాపా?"

"ఇది పంపించినాక తింటాలే అక్కా."

"దరఖాస్తుకు కడుపు ల్యా. నీకు ఉండాది" అని రత్నమ్మ జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తెచ్చి కీబోర్డు మీదే పెట్టబోయింది. మౌనిక గబుక్కున అందుకుంది.

కేంద్రం పెట్టక ముందు రత్నమ్మ అంగన్‌వాడీలో ఆయాగా చేసేది. ఒక ఎండాకాలం గొర్రెలు తోలుకుని కణేకల్ కాలవల వైపు పోయిన మొగుడు అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. బంధువులు పంచాయితీ పెడదామంటే, "నీళ్లుండే చోటికి పోయినాడు. గొర్రెకూ ఆయప్పకూ ఏం తేడా ల్యా" అని ఊరుకుంది. నవ్వుతూనే అంది గానీ ఆ ఏడాదంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట. ఇక్కడ ఆమె ఉద్యోగం వాకిలి ఊడ్చడం, టీ కాయడం. ఫిర్యాదు రాయడం, దొంగ ఖాతా మూయించడం మౌనిక పని. వచ్చినామె పక్కన కూర్చోవడం రత్నమ్మ పని. పోలీసు స్టేషన్లో బెంచీ మీదైనా సరే, ఎంతసేపైనా సరే, కూర్చునేది.

"అక్కా, ఈ ప్రశ్న చూడు. మా గ్రాంటు దుడ్లు ఆగిపోయినాక మీ పని ఎట్ల సాగుతాదని అడుగుతాండారు."

"ఇంగా ఇయ్యకముందే ఆగిపోయేదాని గురించా? భలే మనుషులప్పా!" రత్నమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "రత్నమ్మ ఉండాదని రాయి. నేను యాడికి పోతా?"

మౌనిక నవ్వుకుంటూ ఇంగ్లీషులో ఏదో రాసింది.

ఎండ ముదిరే వేళకు నాగజ్యోతి వచ్చింది. కొత్త కోడలు. చెప్పులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకుంది. ఆమె పెళ్లి ఫోటోతో ఎవడో ఖాతా తెరిచి అడ్డమైన రాతలు రాస్తున్నాడు. ఇంట్లోవాళ్లు వాణ్ని వదిలేసి ఈ పిల్ల ఫోను పగలగొడతామంటున్నారు.

"ఫోను మాత్రం ఇయ్యాకు" అంది రత్నమ్మ, ఆ పిల్ల చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని. "దొంగ గోడ దూకినాడని మనం ఇల్లు ఇడిసిపెట్టి పోతామా?"

మౌనిక దరఖాస్తు పక్కన పెట్టి ఫిర్యాదు పనిలో పడింది. అది ముగిసేదాకా రత్నమ్మ ఆ చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో మాత్రం మధ్యమధ్యలో తన ఛాతీ రుద్దుకుంది. ఏమైందని అడిగితే రొట్టె అరగల్యా అంది.

అసలు చిక్కు దరఖాస్తు ఆఖరున వచ్చింది. సాయం పొందినవాళ్ల ఫోటోలు అయిదు జత చేయాలట.

"ఈ పిల్లను వెనకనుంచి ఒకటి తీస్తానక్కా. మొహం కనపడదు."

"వద్దు."

"కనపడినా చెరిపేస్తా."

"చీర ఎరగరా? గాజులు ఎరగరా? హేమను మర్చిపోతివా?"

మౌనిక మర్చిపోలేదు, తను చేరకముందు జరిగినా విని ఉంది. పాత మేనేజరు మీటింగు ఫోటో ఒకటి నెట్‌లో పెట్టాడు. సాయం కోసం వచ్చిన హేమ మొహం మూలన సగం పడింది. అత్తింటివాళ్లకు ఆ సగం చాలింది. హేమ మళ్లీ రాలేదు, ఆమె నంబరూ మళ్లీ మోగలేదు. అప్పటినుంచి ఈ గదుల్లో ఎవరూ ఫోటో తీయలేదు.

"మరి కేంద్రం మూతపడితే రేపు ఈ పిల్ల యాడికి పోవల్ల? నువ్వే చెప్పు!" మౌనిక గొంతు పెరిగింది. నాగజ్యోతి తల వంచుకుంది.

రత్నమ్మ లోపలికి పోయి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది. వచ్చి గడపకు ఆనుకుని నిలబడింది.

"మూసేస్తే మా ఇంటికి వస్తారులే. నా చెప్పులు యాడ ఉంటే ఆడికి వస్తారు."

మౌనిక ఆమెకేసి చూసింది. కళ్లు తుడుచుకుని, ఫోను తీసుకుని బయటికి నడిచింది. మెట్టు ముందు మోకాళ్లపై కూర్చుని ఒకే ఒక్క ఫోటో తీసింది. తిరిగి వచ్చి దాని కింద నాలుగు ముక్కలు రాసి, రత్నమ్మకు తెలుగులో చదివి వినిపించింది. "ఈ చెప్పుల వెనక గదిలో ఇప్పుడు ఒకామె ఉంది. ఆమెను మీకు చూపించలేం. చూపించబోమని నమ్మే ఆమె ఇక్కడికి వచ్చింది."

"అయ్యో, కడిగి పెట్టింటే బాగుండు కదే! ఢిల్లీవాళ్లు ఏమనుకుంటారు?" రత్నమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పిన్నీసు కనపడతాందా?"

"ల్యాక్కా" అని మౌనిక అబద్ధమాడింది.

నాగజ్యోతిని సందు చివరిదాకా కళ్లతోనే సాగనంపి రత్నమ్మ చాప పరుచుకుంది. నడుము వాలుస్తానని, దరఖాస్తు పోగానే లేపమని చెప్పి గోడవైపు తిరిగింది. సిగ్నలు అంతంతమాత్రం. తెరమీద చక్రం తిరిగి తిరిగి, పొద్దు వాలే ముందు దరఖాస్తు చేరినట్టు కబురు చూపించింది.

"పోయిందక్కా!"

రత్నమ్మ పలకలేదు. అలసిపోయిందిలే అనుకుని మౌనిక తనే టీ పెట్టింది, రత్నమ్మకు ఇష్టమైనట్టు చక్కెర దండిగా వేసి. గ్లాసు పక్కన పెట్టి భుజం తట్టింది. మళ్లీ తట్టింది. నాగజ్యోతి చెయ్యిని అంతసేపు వెచ్చగా పట్టుకున్న ఆ చెయ్యి చల్లగా తగిలింది.

ముదిగుబ్బ నుంచి రత్నమ్మ తమ్ముడు తిప్పేస్వామి వచ్చి శవాన్ని తీసుకుపోయాడు. ఆ హడావిడిలో మెట్టు మీద చెప్పుల సంగతి ఎవరికీ తట్టలేదు. మౌనికకు తట్టింది గానీ వాటిని ముట్టుకోవడానికి చేతులు రాలేదు. తర్వాత రోజూ పొద్దున వాకిట్లో నీళ్లు చల్లి, వాటిని ఎత్తి మెట్టు తుడిచి, మళ్లీ అక్కడే పెట్టడం అలవాటైపోయింది.

గ్రాంటు వచ్చింది. అయిదు అడిగితే ఒకటే పంపారేమని ఎవరూ అడగలేదు. లాప్‌టాప్ మూసి మౌనిక చాలాసేపు ఏడ్చింది. ఆ మాట మొదట చెప్పవలసిన మనిషి లేదు.

ఆ మధ్యాహ్నమే ఎవరో కొత్తామె సందులోకి వచ్చింది. రెండుసార్లు ముందుకు పోయి, రెండుసార్లు వెనక్కి వచ్చింది. చివరికి తన చెప్పులు విప్పి కొంగు కింద దాచుకుని గడప దాటింది.

"రత్నమ్మక్క ఉండాది కదా? చెప్పులు చూసి వస్తి."

మౌనిక లేచి ఎదురు వెళ్లింది. ఆమె చెయ్యి పట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుంది.

బయట మెట్టు మీద, ముక్కులు వీధివైపు తిరిగి, ఒకటి తెల్ల వారు, ఒకటి నీలం వారు, ఆ రెండు చెప్పులు అలాగే ఉన్నాయి.