రోట్లో దంచిన బిళ్ళలు

పెద్దపేగు పుండుపడి రక్తం పోతున్న యానిరిస్‌కి, డాక్టరమ్మ రాసిన మెసలజీన్ బిళ్ళలు త్వరగానే గుణమిచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపు ఒకరోజు ఆ పిల్ల మరుగుదొడ్లోంచి కేకేసింది. "పిన్నీ, ఓసారి ఇలా రా! మింగిన బిళ్ళ మింగినట్టే వచ్చేసింది!"

ఓబ్దూలియా వంగి చూసి నోరు నొక్కుకుంది. తల్లి పోయిన ఈ పిల్లని పెంచి పెద్దచేసిన మనిషి ఆవిడ. సాన్ పేద్రోలో ఆ వీధివాళ్ళు ఏ రోగానికి ఏ ఆకు కావాలన్నా ఆవిడ గుమ్మమే తొక్కుతారు. "వీళ్ళ కంపెనీ పాడుగాను! మందు చెయ్యమంటే గులకరాళ్ళు చేశారే!" అంది.

ఇక ఆలోచించేదేముంది? వేయించిన అరటికాయా వెల్లుల్లీ దంచే చెక్క రోలు ఉండనే ఉంది. రోజూ బిళ్ళలు దంచి, చినోలా పండ్ల రసంలో కలిపి, దగ్గరుండి మరీ తాగించింది.

"వెల్లుల్లి కంపు పిన్నీ!"

"కొట్టనీ. దానికీ గుణముంది."

రక్తం మళ్ళీ మొదలైంది. ఓబ్దూలియాకి ఏమీ పాలుపోలేదు. రాళ్ళు మింగితే తగ్గడమేమిటి, పొడి తాగితే ముదరడమేమిటి? పొడి ముతకైందేమోనని ఇంకా మెత్తగా దంచింది. రోగం ఇంకా ముదిరింది.

"మందు పనిచెయ్యట్లేదు. పెద్దపేగు తీసెయ్యాల్సి రావచ్చు," అంది డాక్టర్ మోంతాస్, ఆస్పత్రిలో పిల్లని పరీక్షించి. పిల్ల ముఖం పాలిపోయింది.

ఓబ్దూలియాకి ఒళ్ళు మండింది. "ఎలా పనిచేస్తుంది తల్లీ? నేను రోజూ దంచి పోస్తేనే ఇలా ఉంది!"

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. "దంచారా?"

బిళ్ళ మీదుండే పూత కడుపులో కరగదనీ, పెద్దపేగు దగ్గరికి వెళ్ళాకే మందుని వదులుతుందనీ చెప్పింది. ఒక్కోసారి ఖాళీ డొల్ల బయటికొస్తుంది, అంతే. దంచితే మందు దారిలోనే హరించుకుపోతుంది, పుండు దాకా చేరేది ఏ కొంచెమో. "ఇప్పుడే కోత మాటొద్దు. బిళ్ళ బిళ్ళగానే మింగించి చూద్దాం."

యానిరిస్, పిన్ని చెయ్యి పట్టుకుంది. ఓబ్దూలియా తన చేతినే వెర్రిగా చూస్తోంది.

"అంటే నేనే... ఈ చేతుల్తోనే..." డాక్టరమ్మ వైపు తిరిగింది. "మరిప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యకండి సెన్యోరా. గ్లాసుడు నీళ్ళివ్వండి, చాలు."

పేగు తీస్తామన్నప్పుడు రాని ఏడుపు ఓబ్దూలియాకి అప్పుడొచ్చింది.