చెరువు కట్ట మీద ఒక కునుకు

ఏసయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట గూడ పోయింది. "ఊ" అంటడు, "ఉహూ" అంటడు, గంతే. అప్పటిసంది ఆయన భార్య ఎస్తేరమ్మకు కంటినిండ నిద్ర లేదు. లేపుడు, తినిపిచ్చుడు, పక్క మార్చుడు, బట్టలు పిండుడు. ఆర్మూర్ల ఒక చిన్న బడిల ఆయాగ చేసేది, అది గూడ ఇడిసిపెట్టింది.

ఏసయ్య కరెంటు లైన్‌మన్‌గ చేసి రిటైరయిండు. స్తంభాలెక్కుకుంట, చెరువులు చూసుకుంట, పిట్టల పిచ్చి పట్టిందాయనకు. వానకాలం నడుమకొచ్చేసరికి ఎక్కడియో చలిదేశాలకెల్లి సన్నకాళ్ల పిట్టలు వచ్చి చెరువు అంచు బురదల దిగుతయి. గా రోజులల్ల చర్చిల ప్రార్థన అయిపోంగనే బైనాక్యులర్ మెడలేసుకొని ఆలూర్ చెరువు దిక్కు పోతుండె.

ఈసారి భాద్రపదం రాంగనే, మంచంల పండుకొనే ఎడమ చేత్తోని గోడకున్న బైనాక్యులర్‌ను చూపెట్టుడు మొదలువెట్టిండు. రోజూ అదే. ఆఖరికి ఎస్తేరమ్మ యాష్టకొచ్చి, పక్కింటి ఆటో డ్రైవర్ ఇంతియాజ్‌ను పిలిచింది.

పసుపు చేన్ల నడుమకెల్లి ఆటో ఎగురుకుంట పోయింది. ఇంతియాజ్ ఏసయ్యను ఎత్తుకొచ్చి, కట్ట మీద ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టిండు.

"ఫికర్ చెయ్యకు అక్కా. ఆలూర్ల ఒక సవారి దింపొస్త. ఫోన్ కొడితె వచ్చేస్త."

వానలు తక్కువై చెరువు సగమే నిండింది. అంచుల నల్లటి బురద. దాని మీద చిన్నచిన్న పిట్టలు ఉరుకుతున్నయి, ఆగుతున్నయి, ముక్కు గుచ్చుతున్నయి. ఏసయ్య బైనాక్యులర్ ఎత్తిండు గని ఒక్క ఎడమ చేత్తోని కంటి కాడ నిలుపలేకపోయిండు. ఆమె దిక్కు సాపిండు.

"నేను చూసి చెప్పాల్నా?"

"ఊ."

ఆమె చూసింది. "బూడిద రంగువి ఉన్నయి. తోకలు ఊపుతున్నయి."

"ఊ."

"ఇంకోటి ఎర్రకాళ్లది. ముక్కు పొడుగున్నది."

"ఉహూ." ఎడమ చేతి వేలు కొడవలి లెక్క వంచి చూపిండు. ఆమెకు సమజయింది. కొడవలి ముక్కు పిట్ట. ఒక్కో ఏడు కనిపిస్తది, ఒక్కో ఏడు కనిపియ్యదు. కనిపిచ్చిన నాడు ఆయన అన్నం తినుకుంట గూడ దాని ముచ్చటే చెప్పేటోడు.

ఆమె ఎతికింది. లేదు. ఉక్కపోతకు జాకెట్ ఒంటికి అంటుకపోయింది, నడుము పీకుతున్నది. ఇంటికాడ నానవెట్టిన దుప్పట్లు యాదికొచ్చినయి.

"ఆఁ, వచ్చిందయ్యా. అగో, ఆ ఒడ్డుకున్నది. చూసిన. ఇగ పోదమా?"

ఏసయ్య ఆమె మొఖం దిక్కు చూసిండు. వేలు ఒకపారి కిందికి వంచిండు, ఒకపారి మీదికి లేపిండు. ముక్కు ఎటు వంగున్నదని అడుగుతున్నడు.

"మీదికే," అన్నదామె.

ఆయన గొంతుల గురగురమని ఏదో లేచింది. పొలమారిందేమోనని భయపడి ఆమె ఈపు నిమిరింది. పొలమారుడు గాదు, నవ్వుతున్నడు. మూతి ఒకపక్కకే పోతున్నది గని నవ్వే. ఆ పిట్ట ముక్కు కిందికి వంగుతదాయె, ఆమె అబద్ధం దొరికిపోయింది.

"నవ్వుతవేంది? నాకేం ఎరుక పిట్టల సంగతి?" అని కసిరింది. కసురుతుంటెనే కండ్లల్ల నీళ్లొచ్చినయి. బైనాక్యులర్ ఆయన ఒళ్లె వెట్టి కుర్చీ పక్కన గడ్డిల కూలబడ్డది. "చాతనైతలేదయ్యా. జర ఆగు, పోదం."

చెరువు మీదికెల్లి గాలి వీసింది. కూసున్నకాడనే ఆమె తల వాలిపోయింది.

మెలకువొచ్చేసరికి ఎండ పక్కకు తిరిగింది. తను పండుకున్నది కట్ట వాలు అంచునేనని అప్పుడు చూసుకున్నది. ఇంకొంచెం పొర్లితె బురదల పడేది. కొంగు బిర్రుగ గుంజినట్టున్నది. చూస్తె, దాని కొసను ఏసయ్య ఎడమ చేతికి మెలేసి పట్టుకున్నడు. మునివేళ్లు తెల్లవడ్డయి. బైనాక్యులర్ ఒళ్లె ఊకెనే పడున్నది. పిట్టలు కట్ట కిందికే, రాయి ఇసిరితె తాకేటంత దగ్గరికి వచ్చి మేస్తున్నయి.

"గింతసేపు గిట్లనే పట్టుకున్నవా?"

"ఊ."

ఆమె లేవంగనే పిట్టలన్ని ఒక్కపారి ఈల ఏసినట్టు కూసి లేచినయి. నీళ్ల మీద ఒక చుట్టు తిరిగి అవుతలి ఒడ్డుకు పోయి దిగినయి. ఆమె కొంగు ఇడిపిచ్చి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే సాపి, మల్ల నెత్తురు ఆడెదాక పిసికింది.

తర్వాత ఫోన్ తీసింది. ఇంతియాజ్‌కు గాదు, ఇందల్వాయిల ఉండే ఆడిబిడ్డ చిన్నక్కకు. వచ్చి ఉంటనని చిన్నక్క ఎన్నిసార్లో అన్నది. నా మొగన్ని నేను చూసుకోలేనా అని ఎస్తేరమ్మనే వద్దన్నది.

"వదినా, నువ్వు రా. కొన్ని దినాలు ఉండు. నాతోని ఒక్కదాంతోని అయితలేదు."

"గిదే మాట ఎప్పుడో చెప్తె అయిపోవు గద పిల్లా. రేపు పొద్దుగాల బస్సెక్కుత," అన్నది చిన్నక్క.

ఏసయ్య అంత ఇన్నడు. చెరువు దిక్కు చూసుకుంట కూసున్నడు. ఇంతియాజ్‌కు ఫోన్ చెయ్యవొయ్యి ఆమె ఆగింది. ఫోన్ ఒళ్లె వెట్టుకొని కుర్చీకి ఈపు ఆనిచ్చి కూసున్నది.

"జర సేపు ఉందం తియ్యి," అన్నది.