ప్రథమాష్టమి పంచె

దుష్మంత సుకాంతికి తొలిచూలు బిడ్డ. ఇరవై ఆరేళ్లొచ్చినా సరే, ప్రథమాష్టమి నాడు వాడికి తలంటి, మేనమామ తెచ్చిన కొత్త పంచె కట్టి, హారతిచ్చేదాకా ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. తొలి బిడ్డ ఆయుష్షు కోసం చేసే పండగ మరి. ఈసారి ఆ పండగ కటక్‌లో ఆసుపత్రి వరండాలోకి వచ్చిపడింది.

దుష్మంత విరిగిన కాలు చక్కగా అతుక్కుంది. కాలి కోసం వచ్చినవాడికి, ఆపరేషనప్పుడు మెడలో పెట్టిన గొట్టం వెంట ఏదో పురుగు నెత్తుట్లో చేరింది. ఆ పురుగును సీసాలో పెంచి, దాని మీద పద్నాలుగు మందులు వేసి చూస్తారట. దేనికి చస్తే ఆ మందు ఎక్కిస్తారట. ఆ ఫలితం రాసిచ్చే కాగితం కోసమే మూడు రోజులుగా ఆవిడ ఎదురుచూపు.

పొద్దున్నే తమ్ముడు గదాధర పంచె, పసుపాకుల్లో ఉడికించిన పిఠా కుడుములు పట్టుకొచ్చాడు.

"ఒకటి తినక్కా. మొహం వాడిన వంకాయలా ఉంది."

"నీదేదో నవనవలాడుతున్నట్టు. పంచె ఇలా తే."

నిన్న ఐసీయూలో కొడుక్కి తాయెత్తు కట్టబోతే, తనని మాఉసీ, అంటే పిన్నీ, అని పిలిచే నర్సు లిప్సా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "బయటి దారప్పోగు కూడా లోపలికి రాకూడదు మాఉసీ. మీ ప్రేమలతోనే చంపేస్తారు మనుషుల్ని" అని కసిరింది. అందుకే సుకాంతి ఇవాళ పోట్లాటకి సిద్ధపడే వెళ్లింది.

"చూడు పిల్లా, నువ్వూ మీ అమ్మకి తొలిచూలువేనట కదా. కట్టొద్దంటే కాళ్ల మీదైనా కప్పనివ్వు. కావాలంటే మరిగే నీళ్లలో వేసి తెస్తాను."

లిప్సా చేతిలో కాగితం ఉంది. మడిచి జేబులో పెట్టుకుంది.

"మరిగించక్కర్లేదు మాఉసీ. నేను ఒళ్లు తుడుస్తాను, మీరు కట్టండి. బొట్టూ పెట్టండి. మామయ్యనీ రమ్మనండి."

సుకాంతి కాలు గడప దగ్గరే ఆగిపోయింది.

"నిన్న దారమే వద్దన్నావు."

లిప్సా నేల చూసింది.

"ఆ పద్నాలుగు మందుల్లో..." అంది సుకాంతి.

"ఒక్కదానికీ చావలేదు మాఉసీ."

సుకాంతి పంచెను వీపు వెనక్కి దాచేసుకుంది.

"వద్దను తల్లీ. నిన్నటిలా కసురు. పొమ్మను, పోతాను. వచ్చే ఏడు కడతాలే, ఇప్పుడేం తొందర."

లిప్సా తలుపు బార్లా తెరిచి, మూసుకుపోకుండా భుజం ఆనించి నిలబడింది.